వ్రేలిముద్ర

ఆవకాయ, మాగాయల నిలువను గూర్చి యీ నెల వ్రాయుదుమని గడచిన సంచికలో మాట యిచ్చియుంటిమి. ఆ మాటను వచ్చు నెలకు వాయిదా వేయుచున్నందులకు చదువరులు మన్నింపవలెను. మా యింట జరిగిన యొక చిన్న సంగతి మమ్ము వేఱొక విషయమునకు త్రిప్పినది. విషయము కొంచెము గంభీరమైనదే. అయినను స్త్రీల పత్రికలో గాక దీనిని మఱెక్కడ చెప్పుకొందుము?

మా యింటివారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులని యీ శీర్షికను చదువు సోదరీమణు లెఱుగుదురు. మా యూరు గోదావరికి సమీపముననే యున్నది. పైవైపునకు పోయినకొలది మన్యపు కొండలు మొదలగును. ఒకనాటి సాయంకాలము వారు బడినుండి యొక కాగితముల కట్టతో వచ్చిరి. ఒక దాతృసంఘమువారు, గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరును నివారించు టీకాను బడిలోని బాలికలకు ఉచితముగా వేయింపదలచిరట. ప్రతి బాలికకును తల్లిగాని తండ్రిగాని యనుమతి పత్రమును చదివి చేవ్రాలు చేయవలెను. గడువు మూడు దినములు. బాలికలలో పెక్కండ్రు వసతిగృహమున నుండువారు. వారి తలిదండ్రులు కొండ యూళ్ళలోనో, కూలికై పోయిన దూరపు చోట్లనో యున్నారు.

“ఇంతమందిని మూడు దినములలో ఎక్కడ వెదకుదును? పిల్లల మేలుకొఱకే గదా. పంతులు తండ్రివంటివాడే గదా. నేనే చేవ్రాలు చేసి పంపిన తప్పేమి?” అని వారు మమ్మడిగిరి.

మేము బదులు చెప్పకముందే, పాలు పోయవచ్చి యరుగుమీద కూర్చున్న యామె కలుగజేసికొన్నది. ఆమె కూతురును ఆ బడిలోనే చదువుచున్నది. “మా పిల్లకీ అదే సూదాండీ? మీరే పెట్టేయండి పంతులుగారూ సంతకం. మాకేం తెలుసండీ?” అని, మఱుక్షణమే గొంతు తగ్గించి, “అమ్మగారూ, అప్పుడు బద్రాచలం కాడ పిల్లలకేసిన సూది ఇదేనాండీ?” అని యడిగినది.

నమ్మకమును భయమును ఒక్క నోటనే వచ్చినవి. మాకు బదులు తోచలేదు. మా యింటివారు మాటాడక కాగితములను మరల కట్టి, మఱునాడు గడువును పదునైదు దినములు పొడిగింపుడని సంఘమువారికి వ్రాసిరి. ఆ పదునైదు దినములలో మేము చదివినదియు, పట్టణములోని లేడీ డాక్టరుగారి నడిగి తెలిసికొన్నదియు మీ ముందుంచుచున్నాము.

మొదట వ్యాధిని గూర్చి చెప్పవలెను. మన పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సరు ఎన్నియో విధములుగ నుండును. వానిలో గర్భాశయ ముఖద్వారమునకు వచ్చుదానికి మూలము హ్యూమన్ పాపిల్లోమా వైరసు. దీనిని సంగ్రహముగా హెచ్.పి.వి. యందురు. ఈ సంబంధమును కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌజెనునకు 2008లో నోబెలు బహుమానము నిచ్చిరి. ఈ వైరసు దాంపత్య సంపర్కమువలన సోకును. ఇందు సిగ్గుపడవలసినది లేదు. కాపురము చేయు స్త్రీలలో చాలమందికి ఎప్పుడో యొకప్పుడు సోకి, దానంతటదియే పోవును. కొందఱిలో మాత్రము పోక నిలిచి, పదునైదు ఇరువది యేండ్లలో మెల్లమెల్లగా పుండుగా మారును. 16, 18 అను సంఖ్యలు గల రెండు తెగలే నూటికి డెబ్బది వ్యాధులకు కారణము. ఇన్ని యేండ్ల వ్యవధి యుండుట మన భాగ్యమనియే చెప్పవలెను. సోకకముందు టీకా వేయవచ్చును. సోకిన పిదప, పుండు కాకముందే కనిపెట్టి మాన్పవచ్చును.

ఇంత వ్యవధి యుండియు జనులేల చనిపోవుచున్నారు? 2022లో లోకమున సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి వచ్చెననియు, 3,50,000 మంది మరణించిరనియు అంచనా. ఆ మరణములలో నూటికి 94 తక్కువ రాబడియు, నడిమి రాబడియు గల దేశములలోనివే. మన దేశమున ఆ యేట సుమారు 1,27,000 మందికి వ్యాధి వచ్చినది. సుమారు 80,000 మంది పోయిరి. ధనిక దేశములలో స్త్రీలు కొన్నియేండ్ల కొకమాఱు పాప్ పరీక్ష చేయించుకొందురు. ఆ పరీక్షకు సూక్ష్మదర్శిని కావలెను, దానియందు చూచి చెప్ప నేర్చినవారు కావలెను, ఫలితము వచ్చిన పిదప ఆ స్త్రీని మరల పిలిపించు నేర్పాటు కావలెను. మన పల్లెలలో నివి యేవియు లేకపోయెను. శరీరములలో భేదము లేదు. వైద్యము దొరకు దూరములోనే భేదము.

ఈ దూరమును తగ్గించు ఉపాయమును వెదకినవారు మన దేశమువారే యని తెలిసి మేము సంతసించితిమి. బొంబాయి పేదవాడలలో టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ఒక పరిశోధన మొదలిడిరి. పదవ తరగతి చదివిన స్త్రీలను ఎన్నుకొని, నాలుగు వారములు నేర్పి, వారిచేతనే పరీక్ష చేయించిరి. ఆ పరీక్ష యేమనగా, మనము ఊరగాయలలో వాడు వినెగరు వంటి పలుచని యామ్లముతో ముఖద్వారమును తడిపి, ఒక నిమిషము పిదప దీపపు వెలుగున చూచుట. చెడదలచిన భాగము తెల్లగా తేలును. సుమారు లక్షా యేబదివేల మంది స్త్రీలు చేరిన యా పరిశోధన ఫలితము 2013లో వెలువడెను. పరీక్షలు జరిగిన వాడలలో ఈ వ్యాధివలని మరణములు నూటికి 31 వంతున తగ్గెనట. తమిళనాట దిండిగల్లు జిల్లాలో ఇదే పరీక్షను నర్సులు నేర్చి చేసిరి; మచ్చ కనబడిన చోట మిక్కుటమైన చలువచే దానిని మాడ్చు చికిత్సయు వారే చేసిరి. అచట వ్యాధి నాల్గవవంతు తగ్గెననియు, మరణములు నూటికి 35 వంతున తగ్గెననియు 2007లో ప్రకటించిరి.

మహారాష్ట్రమున ఉస్మానాబాదు జిల్లా పరిశోధన వీనికంటె పెద్దపేరు పొందినది. బార్శి పట్టణములోని నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు వైద్యశాల, బొంబాయి టాటా వైద్యశాల, ఫ్రాన్సు దేశమున లియోన్ నగరములోని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కలిసి దీనిని జరిపినవి. 52 గ్రామసముదాయములలోని 1,31,746 మంది స్త్రీలను నాలుగు తెగలుగా చేసిరి. ఒక తెగకు హెచ్.పి.వి. పరీక్ష, ఒక తెగకు పాప్ పరీక్ష, ఒక తెగకు వినెగరు పరీక్ష చేసిరి. నాల్గవ తెగకు పోల్చి చూచుటకై పరీక్షలు చేయలేదు. ఎనిమిది యేండ్ల పిదప, జీవితమున నొక్కమాఱు హెచ్.పి.వి. పరీక్ష జరిగిన తెగలో ఈ వ్యాధివలన 34 మంది మరణించిరి. పరీక్ష లేని తెగలో 64 మంది మరణించిరి. 2009లో ఈ ఫలితమును లోకమంతయు చదివెను.

ఆ రెండంకెలను చదివి మేము కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. ఒక్క పరీక్షతో మరణములు సగమగునని తెలియుట గొప్ప మేలు. కాని ఆ 64 మందియు ఎవరి తల్లులో, ఎవరి యక్కచెల్లెండ్రో గదా? ఇట్టి పరిశోధనలలో ఒక తెగను పరీక్షింపక విడుచుటను పలువురు విమర్శించిరి. ఆనాడు మన దేశమున అట్టి స్త్రీలకు పరీక్ష లేకుండుటయే వాడుక గనుక అది తప్పు కాదని పరిశోధకులు సమాధానము చెప్పిరి. ఆ వాదమును తీర్చు పాండిత్యము మాకు లేదు. పేద గ్రామమునుండి జ్ఞానమును గ్రహించినవారు ఆ గ్రామమునకే ముందుగా ఋణపడుదురని మాత్రము మాకు తోచినది. ఆ ఋణమును తీర్చనిచో ఆ పరిశోధన వలన అంతరము తగ్గినదని యెట్లు చెప్పగలము?

ఇక మా పాలామె యడిగిన ప్రశ్నకు వత్తుము. భద్రాచలముచెంత నాడేమి జరిగినది?

2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశమున ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, పది మొదలు పదునాలుగేండ్ల వయసు గల సుమారు 14 వేల మంది బాలికలకు ఈ హెచ్.పి.వి. టీకా వేయ నారంభించిరి. అమెరికా దేశపు పాత్ అను సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి దీనిని తలపెట్టిరి. గుజరాతున వడోదర జిల్లాలోను ఇట్లే జరిగెను. బాలికలలో చాలమంది గిరిజనుల బిడ్డలు. అనేకులు వసతిగృహములలో నుండి చదువుకొనువారు. కొన్ని నెలలలో ఆంధ్రప్రదేశమున ఐదుగురు, గుజరాతున నిరువురు బాలికలు మరణించిరను వార్తలు వచ్చెను. 2010 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఆ టీకా కార్యక్రమము నంతటిని ఆపించెను.

ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఆ మరణములకు టీకా కారణమని చెప్పలేదు. నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు త్రాగుట, మలేరియా వంటివి కారణములని తేల్చెను. ఈ మాటను మేము దాచక చెప్పవలెను; ఏలయన భయము సత్యముకంటె వేగముగా నడచును. అయితే ఆ విచారణలోనే వేఱొక సత్యమును బయటపడినది. ఆంధ్రప్రదేశమున చూచిన 9,543 అనుమతి పత్రములలో 2,763 పత్రములపై వసతిగృహముల వార్డెనులు చేవ్రాలు చేసిరి. 1,948 పత్రములపై వ్రేలిముద్రలున్నవి. ఆ వ్రేళ్ళవారికి ఎవరు చదివి వినిపించిరో, ఏమని వినిపించిరో ఆ పత్రములు చెప్పవు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము ఈ తీరును తీవ్రముగా ఖండించెను.

చదువుచున్నపుడు మాకు ఆదిపర్వములోని ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చెను. మా తండ్రిగారు బాల్యమున మాకు భారతము చెప్పుచు, ఆ కథయొద్ద ప్రతిమాఱును కొంచెమాగెడివారు. ఏలనో యప్పుడు తెలియలేదు. నిషాదరాజు హిరణ్యధన్వుని కుమారుడు విద్యను కోరి వచ్చినప్పుడు గురువు నేర్పనొల్లడు. అడవిలో తనంత తాను నేర్చుకొన్న పిదప, నేర్పని విద్యకు దక్షిణగా అతని కుడిచేతి బొటనవ్రేలిని గురువు గ్రహించును. ఇచ్చినవానిని మనము వేయేండ్లుగా మెచ్చుకొనుచున్నాము. తీసికొన్నది న్యాయమా యని యడుగుట తక్కువ. మన్యపు తల్లుల వ్రేలిముద్ర మనకు కావలసినచో, ముందు వారికి చెప్పవలసిన విద్యను చెప్పవలెను గదా!

మేమిది మా యింటివారికి వినిపించితిమి. వారు చాలసేపు మౌనముగా నుండి, “ఆ 2,763 మందిలో నేనును ఒకడనై యుందును. వారును మేలుకొఱకే యనుకొనియుందురు” అనిరి. తప్పు చేసినవారు దుష్టులై యుండనక్కఱలేదు. మూడు దినముల గడువును, వందల పిల్లలును, చేతిలో కలమును ఉన్న మంచివాడు చాలును.

ఆ నిలుపుదల వలన నింకొక వింత జరిగినది. అదే కాలమున, 2009 సెప్టెంబరులో, మన దేశమున మఱియొక పరిశోధన వేఱుగా మొదలై యుండెను. మూడు మోతాదులకు బదులు రెండు చాలునా యని తెలిసికొనుట దాని యుద్దేశము. బొంబాయి, ఢిల్లీ, అహమ్మదాబాదు, పూనా, బార్శి, తమిళనాటి అంబిల్లికై, సిక్కిము, మిజోరము మొదలగు తొమ్మిది చోట్ల వైద్యులు దీనిలో చేరిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు సంస్థయు అందొకటి. 20 వేల మంది బాలికలు లక్ష్యముగా నుండగా 17,729 మందికి వేయునప్పటికి నిలుపుదల యుత్తరువు వచ్చినది. సుమారు 5 వేల మంది బాలికలకు ఒక్క మోతాదు మాత్రమే యందినది.

పరిశోధన చెడిపోయినదని లెక్కలు మూసివేసి పోవుట సులభము. వారట్లు చేయలేదు. తొమ్మిది చోట్లనుండు కార్యకర్తలు ఆ బాలికల యిండ్లకు ఏండ్ల తరబడి పోయిరి. బాలికలు పెరిగి, పెండ్లియాడి, అత్తవారిండ్లకు పోయినను వారి జాడ విడువలేదు. పది యేండ్లు గడచిన పిదప, 2021లో వెలువడిన ఫలితమిది: 16, 18 తెగల వైరసు సోకి నిలిచియుండుటనుండి రక్షణ ఒక్క మోతాదు వేయబడినవారిలో నూటికి 95, రెండింటి వారిలో 93, మూడింటి వారిలో 93. అనగా భేదము లేదన్నమాట. ఇదియు, ఇతర దేశముల పరిశోధనలును చూచి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలికలకు ఒక్క మోతాదు వేసినను చాలునని యంగీకరించెను. రెండింటి ఖర్చుతో ఇద్దఱు బాలికలకు రక్షణ కలుగును. పేద దేశములకు ఇది యెంత యూరటయో గృహిణులమైన మనకు వేఱుగా చెప్పవలెనా?

ఈ ఫలితమును ఏ యొక్క యూరివారును ఒంటరిగా సాధించి యుండలేరు. పెద్ద నగరపు వైద్యునికి లెక్కలు తెలియును. మిజోరపు కొండయూరి కార్యకర్తకు ఏ యింటి తలుపు తట్టవలెనో తెలియును. ఒకరి విద్య యింకొకరికి అందినప్పుడే పని జరిగినది. ఈ యందజేత ఇప్పుడు కొంత నియమముగా జరుగుచున్నది. 2012లో టాటా వైద్యశాల ముందు నిలిచి జాతీయ క్యాన్సరు గ్రిడ్ అను కూటమిని ఏర్పఱచిరి. దేశమున మూడువందలకు పైగా వైద్యశాలలు, సంస్థలు అందు చేరినవి. చిన్న యూరి వైద్యునికి ఒక రోగి విషయమున సందేహము గలిగినచో, తెరమీదుగా పెద్ద వైద్యులతో కూర్చుండి చర్చించు నేర్పాటు గలదు. యువవైద్యులు తమ చోటి ప్రశ్నను తామే యెన్నుకొని, పరిశోధనా ప్రణాళికను అనుభవజ్ఞులయొద్ద కూర్చుండి వ్రాయ నేర్చుకొను శిబిరము 2015లో మొదలైనది. విశాఖపట్టణము చెంత హోమీ భాభా పేర క్యాన్సరు వైద్యశాల యున్నది గనుక, మన తీరపు జిల్లాలవారు బొంబాయి వఱకు పోనక్కఱలేని రోజు మెల్లగా వచ్చుచున్నది. ద్రోణుని కథకు ఇది మఱుమాటవలె మాకు తోచినది. ఇచట నేర్పుటయే ముందు, దక్షిణ తరువాత.

ఇంతయు చదివిన పిదప ఒక యాదివారము బడి ముంగిట వేపచెట్టు క్రింద తల్లులను పిలిచితిమి. మా యింటివారు కొండయూళ్ళకు వార్త పంపి, బస్సు ఖర్చు తామిత్తుమనిరి. నలువదిమంది వచ్చిరి. మేము పత్రమును మొదటినుండి తుదివఱకు మాటలు మార్చి చదివితిమి. భద్రాచలపు కథను దాచలేదు; మరణములకు తేలిన కారణములను దాచలేదు; వార్డెనుల చేవ్రాళ్ళను దాచలేదు. టీకా వేసిన చోట నొప్పి, కొంచెము జ్వరము, కొందఱికి కండ్లు తిరుగుట యుండవచ్చుననియు, వేసిన పిదప కొంతసేపు కూర్చుండవలెననియు చెప్పితిమి. వలదనువారి పిల్లను ఎవరును బలవంతము చేయరనియు చెప్పితిమి.

ఒకామె, “పిల్లలు పుట్టకుండ చేసే సూది కాదు గదా?” అని యడిగినది. కాదని, ఏల కాదో చెప్పితిమి. వేఱొకామె, “మా ఆయన్నడిగి చెబుతాను” అనినది. మంచిదే యంటిమి. ఇద్దఱు తల్లులు వలదనిరి. వారి పత్రములను మా యింటివారు వేఱుగా నుంచిరే గాని వారినొక్క మాటయు ననలేదు. మా పాలామె చివరకు లేచి, సిరాపెట్టెలో వ్రేలు ముంచి, ముద్ర వేసి, “ఇప్పుడైతే నేనేసినట్టే” అనినది. అటుపిమ్మట ఆమె యడిగిన ప్రశ్న మేమెదురు చూడనిది. “మరి మన సంగతేందమ్మగారూ? మీకు చేయించుకున్నారా ఆ సిర్కా పరీచ్చ?”

మేము చేయించుకొనలేదు. ముప్పదియైదు నిండినవి, ఇరువురు బిడ్డలు, ఎన్నియో నెలలుగా ఈ శీర్షికలో ఆరోగ్యమును గూర్చి మీకు చెప్పుచున్నాము. ముప్పది నిండిన స్త్రీలు అరువదియైదు వఱకును అయిదేండ్ల కొకమాఱు పరీక్ష చేయించుకొనవలెనని మన దేశపు ప్రభుత్వ నియమము 2016 నుండి గలదు. తెలియక కాదు, సిగ్గుచేతను, తీరిక లేదను సాకుచేతను మానితిమి. నలువదిమంది తల్లుల యెదుట ఆ మాట యొప్పుకొనవలసి వచ్చినది.

మఱుసటి వారము పాలామెయు మేమును ప్రభుత్వ వైద్యశాలకు కలసిపోతిమి. నర్సు కాగితము నిచ్చినది. మేము భయమున చదువకయే చేవ్రాలు చేయబోగా ఆమె మా చేయి పట్టుకొని, “చదివి పెట్టండమ్మా” అనినది. బొంబాయి పెద్దలు పంపిన పాఠములను తెరమీద చూచి నేర్చుకొన్నదట. సందేహము వచ్చిన నిప్పటికిని వారినే యడుగునట. పరీక్ష పట్టినది అయిదు నిమిషములు. పాలామెకు ఏమియు లేదు. మాకు చిన్న తెల్లమచ్చ కనబడినది.

జిల్లా వైద్యశాలకు పోయి, ఒక చిన్న ముక్క తీయించుకొని, ఫలితమునకై తొమ్మిది దినములు వేచియుంటిమి. ఆ తొమ్మిది దినములు మేమెట్లుంటిమో వ్రాయము. పుండు కాదనియు, కాబోవు మార్పు మాత్రమే యనియు తేలినది. ఆ భాగమును మాడ్చివేసిరి. ఒక యేడాది పిదప మరల రమ్మనిరి. రెండుమాఱులును మా చేయి పట్టుకొని కూర్చున్నది పాలామెయే. “మాకేం తెలుసండీ” యని నాడు అరుగుమీద ననిన యామె ప్రశ్న యడుగకపోయినచో, ఆ మచ్చ మాలో ఎన్నియేండ్లు తెలియక యుండెడిదో!

కావున సోదరీమణులారా, ముప్పది నిండినవారు ఒకమాఱు సమీపపు వైద్యశాల కేగి యీ పరీక్షను గూర్చి యడుగుడు. భర్తతో కలసిన పిదపగాని, ముట్లుడిగిన పిదపగాని రక్తము కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట యైనను పరీక్ష గడువునకై వేచియుండక వెంటనే పొండు. కూతుండ్రకు టీకా వేయించునప్పుడు పత్రమును మీరే చదువుడు. చదువ రానివారికి చదివి వినిపింపుడు. వారడుగు ప్రశ్నకు విసుగక బదులు చెప్పుడు. తెలియనిచో తెలిసికొని చెప్పుదుమనుడు. టీకా వేయించుకొన్న బాలికలును పెద్దలైన పిదప పరీక్షను మానరాదు. ఆమె చేవ్రాలు, ఆమె వ్రేలిముద్ర, ఆమెవిగానే యుండవలెను.

వచ్చు నెల తప్పక ఆవకాయను గూర్చి ముచ్చటింతుము.